పాత అంబాసిడర్ కాగిపోతోంది, నీళ్లు తాగేస్తోంది: వాటర్ పంపేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నాన్నగారి 1998 మోడల్ డీజిల్ అంబాసిడర్. రెండు రోజులకోసారి రేడియేటర్‌లో లీటరు దాకా నీళ్లు పోయాల్సి వస్తోంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ సూది చివరిదాకా వెళ్లింది. బానెట్ ముందు వైపు నుంచి కీచుమని శబ్దం. ఒక మెకానిక్ రేడియేటర్ మార్చమన్నారు, ఇంకొకాయన థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసే వాల్వు) పీకి పారేయమన్నారు. అసలు జబ్బు వాటర్ పంప్‌దేనా, వచ్చే వారం రాజమండ్రి నుంచి అన్నవరం వెళ్లి రావచ్చా అని అడిగారు.

నీళ్లు తగ్గడం, శబ్దం, వేడి మూడూ ఒకేసారి మొదలయ్యాయంటే నా మొదటి అనుమానం వాటర్ పంప్ మీదే. రేడియేటర్ కొనకండి, థర్మోస్టాట్ ముట్టుకోకండి. కింద చెప్పిన పరీక్షలకు అరగంట చాలు, అవి చేశాక డబ్బు తీయండి. ఫ్యాన్ ఊగుతుంటే మాత్రం అన్నవరం కాదు కదా, వీధి చివరికి కూడా బండి తీయకండి. ఎందుకో చెబుతాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మా మేస్త్రీ దగ్గర చేరిన కొత్తలో రోజుకో అంబాసిడర్ పంప్ విప్పేవాళ్లం. ఇప్పుడు నెలకొకటి వస్తే గొప్ప.

ముందు ఆ పంప్ ఎలా ఉంటుందో తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. మీ బండిలో ఇంజన్ ముందు మొహానికి బిగించి ఉంటుంది. ఫ్యాన్ బెల్ట్ దాని పుల్లీని తిప్పుతుంది, ఇనుప రెక్కల ఫ్యాన్ కూడా ఆ పుల్లీ మీదే ఉంటుంది. లోపల ఒకటే షాఫ్ట్. ముందు కొసన ఫ్యాన్, వెనక కొసన నీళ్లను తోసే చక్రం, దాన్ని ఇంపెల్లర్ అంటాం. మధ్యలో బేరింగ్. బేరింగ్‌లోకి నీళ్లు రాకుండా అడ్డంగా ఒక సీల్. ఈ సీల్‌కీ బేరింగ్‌కీ మధ్య, పంప్ బాడీ అడుగున, చిన్న కన్నం ఉంటుంది. అది తయారీ లోపం కాదు, కావాలనే పెట్టింది. సీల్ అరిగి నీళ్లు దాటితే అవి బేరింగ్‌లోకి పోకుండా ఆ కన్నంలోంచి కారిపోతాయి. పంప్ పోబోతోందని ముందే చెప్పే చోటు అది.

ఆ కన్నం గురించి ఒక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఏలూరు నుంచి ఒక ట్యాక్సీ అంబాసిడర్ వచ్చింది. దారిలో ఎవరో ఆ కన్నంలో ఎం-సీల్ కుక్కి మూసేశారట. నీళ్లు కారడం ఆగిపోయింది, డ్రైవర్‌కు సంతోషం. రెండు నెలలు బాగానే నడిచింది. బయటికి దారి లేని నీళ్లు బేరింగ్‌లోకి చేరాయి, గ్రీజు కొట్టుకుపోయింది, గుండ్లు తుప్పు పట్టాయి. ఒక రోజు హనుమాన్ జంక్షన్ దాటాక షాఫ్ట్ ఊగి ఊగి ఫ్యాన్ ముందుకు జరిగి, తిరుగుతూ తిరుగుతూనే రేడియేటర్‌ని గుండ్రంగా కోసేసింది. కొబ్బరి తురిమినట్టు ఉంది దాని మొహం. పంప్ ఒక్కటే మార్చాల్సిన చోట పంప్, రేడియేటర్, ఫ్యాన్, బెల్ట్ నాలుగూ మార్చాల్సి వచ్చింది. అందుకే ఊగే ఫ్యాన్‌తో బండి తీయొద్దన్నాను.

ఇక పరీక్షలు. నడపమని చెప్పిన చోట తప్ప, అన్నీ ఇంజన్ పూర్తిగా చల్లారి, ఆపి ఉన్నప్పుడు చేయండి. పొద్దున్నే అయితే మేలు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఏమవుతుందో మా షాపులో ఇద్దరు కుర్రాళ్ల చేతుల మీద మచ్చలు చెబుతాయి. మూత బిగించి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి ఉంటుంది, అందుకే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజన్ కింద పాత అట్టపెట్టె ముక్క పరవండి. పొద్దున తడి ఎక్కడుందో చూడండి. ముందు వైపు, ఫ్యాన్ కిందికి ఉంటే అనుమానం బలపడుతుంది. తర్వాత టార్చి వేసి పంప్ అడుగున చూడండి. కారిన నీళ్లు ఇంజన్ వేడికి ఆవిరైపోతాయి కాబట్టి తడి కనపడకపోవచ్చు, కానీ వెనకాల చార మిగులుతుంది. బోరు నీళ్లు పోసిన బండిలో సున్నం కొట్టినట్టు తెల్లగా, కూలెంట్ పోసిన బండిలో పచ్చగా, తుప్పు నీళ్లయితే ఇటుక రంగులో. చీపురు పుల్లతో ఆ కన్నాన్ని మెల్లగా గెలకండి. పుల్ల తడిగానో, తుప్పు మట్టితోనో వస్తే సీల్ పోయినట్టే.

ఇప్పుడు ఫ్యాన్‌ని రెండు చేతులతో ఎదురెదురు రెక్కలు పట్టుకుని ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ ఊపి చూడండి. బెల్ట్ కాస్త వదులు చేసి ఊపితే ఇంకా బాగా తెలుస్తుంది. బాగున్న బేరింగ్‌లో ఆట, అంటే వదులు కదలిక, ఉండదు. టక్ టక్ అని కొట్టుకున్నా, రెక్క కొస చిటికెన వేలి మందం కదిలినా బేరింగ్ అయిపోయింది. చేత్తో తిప్పితే గరగరలాడినా అంతే.

కీచుమనే శబ్దం విషయంలో తొందరపడొద్దు. అది బెల్ట్ కావచ్చు, బ్యాటరీని చార్జ్ చేసే డైనమో లేదా ఆల్టర్నేటర్ బేరింగ్ కావచ్చు, పంప్ కావచ్చు. ఇంజన్ నడుస్తుండగా, దూరంగా నిలబడి, సీసాతో బెల్ట్ లోపలి వైపు కొద్దిగా నీళ్లు చల్లండి. శబ్దం మారితే, ఆగితే దోషం బెల్ట్‌దే. మారకపోతే ఇంజన్ ఆపి, బెల్ట్ తీసేసి, ఒక్క అర నిమిషం స్టార్ట్ చేయండి. శబ్దం పోయిందా, అయితే అది బెల్ట్ తిప్పే వాటిలోనిదే. ఇంజన్ ఆపేసి డైనమోను, పంప్‌ను విడివిడిగా చేత్తో తిప్పి చూస్తే గరగర ఎందులో ఉందో వేలికే తెలుస్తుంది. అర నిమిషం దాటించొద్దు, బెల్ట్ లేకుండా నీళ్లు తిరగవు.

ఇంకోటి, ఇది మాత్రం ముఖ్యం. నడిచే ఫ్యాన్ దగ్గరికి మెడలో తువ్వాలుతో, వదులు చొక్కా చేతులతో వెళ్లకండి. మా మేస్త్రీ తువ్వాలు ఒకసారి బెల్ట్ లాక్కుంది. అదృష్టం, చిరిగిన పాత తువ్వాలు కాబట్టి మధ్యకి తెగిపోయింది. ఆ రోజు నుంచి ఆయన షాపులోకి రాగానే తువ్వాలు తీసి మేకుకు తగిలించేవారు.

ఇవన్నీ చూసినా తప్పు జరగొచ్చు, నాకే జరిగింది. ఒక మారుతి వ్యాన్‌కి పంప్ కింద తడి చూసి పంప్ మార్చేశాను. వారానికి దాని ఓనర్ మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే తడి. తీరా చూస్తే పైనున్న హోస్ పైప్ క్లిప్పు దగ్గర వెంట్రుకంత పగులు. నీళ్లు అక్కడ పుట్టి, పైప్ వెంట జారి, పంప్ మీదుగా కిందికి చుక్క కడుతున్నాయి. లేబర్ డబ్బులు తిరిగి ఇచ్చాను, సిగ్గేసింది. తడి కనపడిన చోటు చూసి తీర్పు చెప్పకండి, తడికి అన్నిటికన్నా పై చోటు ఎక్కడుందో వెతకండి. ఆ ప్రాంతమంతా పొడి గుడ్డతో తుడిచి, పది నిమిషాలు నడిపి, ఆపి చూడండి. ఏ మంచి షాపులోనైనా రేడియేటర్ మూత చోట బిగించే ప్రెషర్ టెస్టర్ ఉంటుంది. ఇంజన్ ఆపి ఉండగానే చేత్తో గాలి కొడితే కారే చోటు దానంతట అదే కారుతుంది. మూత మీద రాసిన ఒత్తిడి దాటి కొట్టనివ్వకండి, పాత రేడియేటర్ అతుకులు విడిపోతాయి.

కారకుండా, శబ్దం లేకుండా కూడా పంప్ పోతుంది. పిడుగురాళ్ల వైపు సున్నం బట్టీల ఆయన జీపు ఒకటి ఇలాగే వచ్చింది. రేడియేటర్ రెండుసార్లు కడిగించారు, థర్మోస్టాట్ కొత్తది, బెల్ట్ కొత్తది, అయినా లోడు మీద కాగిపోతోంది. పంప్ విప్పితే ఇంపెల్లర్ రెక్కలు తిని వేసిన అప్పడంలా ఉన్నాయి, సగం లేవు. ఏళ్ల తరబడి అక్కడి బోరు నీళ్లే పోశారు. చక్రం తిరుగుతోంది, నీళ్లను మాత్రం తోయడం లేదు. ఈ రకం జబ్బు పట్టుకోవడానికి చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఆగి, రేడియేటర్ నోట్లోకి చూస్తే నీళ్లు పారుతూ కనపడాలి. రేసు కొద్దిగా పెంచితే పారే వేగం పెరగాలి. పైన హోస్ పైప్ వేడెక్కాక కూడా లోపల నీళ్లు చెరువులా కదలకుండా ఉన్నాయంటే ఇంపెల్లరో, రేడియేటర్ మూసుకుపోవడమో, రెండిట్లో ఒకటి.

బండి ఎప్పుడు కాగుతోందన్నది కూడా కొంత చెబుతుంది. నిలబడి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో మాత్రమే కాగి, రోడ్డెక్కితే తగ్గుతుంటే గాలి చాలడం లేదు, బెల్ట్ వదులో ఫ్యాన్ సమస్యో చూడాలి. ఊళ్లో బాగుండి, ఘాట్‌లో, లోడు మీద కాగుతుంటే రేడియేటర్ పూడికో, అరిగిన ఇంపెల్లరో. నీళ్లు తగ్గుతూ కాగుతుంటే ముందు కారుడు సంగతి తేల్చాలి. నీళ్లు తగ్గుతున్నాయి, బయట ఎక్కడా చుక్క లేదు, పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి, ఆయిల్ మూత కింద మజ్జిగ నురగలాంటిది ఉంటే అది పంప్ కాదు, ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య పెట్టే హెడ్ గ్యాస్కెట్. మీరు చెప్పినవాటిలో అది లేదు, అయినా ఆయిల్ మూత ఒకసారి తీసి చూడండి.

థర్మోస్టాట్ పీకేయమన్న సలహా మన దగ్గర అందరూ ఇస్తారు, ‘మనకు చలి లేదు కదా’ అంటారు. దాని పని ఇంజన్‌ని సరైన వేడికి త్వరగా తెచ్చి అక్కడే ఉంచడం. పీకేస్తే డీజిల్ ఇంజన్ చల్లగానే నడుస్తుంది, పొగ, డీజిల్ ఖర్చు పెరుగుతాయి, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. కారుతున్న పంప్ మాత్రం కారుతూనే ఉంటుంది. అనుమానముంటే విప్పి గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీయండి. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో అంకె దాని మీదే కొట్టి ఉంటుంది, చాలావాటి మీద 82 ఉంటుంది. అక్కడికి వచ్చి తెరుచుకుంటే మళ్లీ బిగించేయండి.

సరే, పంపే అని తేలిందనుకుందాం. మీ బండి వరకు ఇది ఇంట్లో కూడా అయ్యే పని, ఎందుకంటే పంప్ బయటే ఉంటుంది. ఇంజన్ వాల్వులను లెక్క తప్పకుండా నడిపే టైమింగ్ బెల్ట్ ఉండే కొన్ని బండ్లలో పంప్ దగ్గరికి వెళ్లాలంటే ఆ బెల్ట్ కూడా విప్పాలి, పొరపాటున మార్కులు తప్పితే ఇంజన్‌కే ఎసరు. ఆ బండ్ల వాళ్లు మెకానిక్ దగ్గరికే వెళ్లండి, టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడే పంప్ కూడా మార్పించేయండి.

నీళ్లు వదిలేటప్పుడు రేడియేటర్ కింది ట్యాప్ ఒక్కటే తిప్పి ఊరుకోకండి. ఇంజన్ బ్లాక్‌కి పక్కన ఇంకో ట్యాప్ ఉంటుంది. చాలా బండ్లలో అది సున్నంతో పూడిపోయి తిప్పినా చుక్క రాదు, సన్నటి తీగతో పొడవాలి. అక్కణ్నుంచి వచ్చే బురద చూస్తే మీ బండి ఇన్నాళ్లూ ఏం తాగిందో తెలుస్తుంది. రేడియేటర్ విప్పి పక్కన పెడితే చేతులు ఆడతాయి, దాన్ని కడిగించినట్టూ ఉంటుంది. డైనమో బోల్టులు వదులు చేసి, బెల్ట్ తీసి, ఫ్యాన్, పుల్లీ విప్పాక పంప్ బోల్టులు వస్తాయి. బోల్టులన్నీ ఒకే పొడవు అనుకోకండి. అట్ట ముక్క మీద పంప్ బొమ్మ గీసి, ఏ చోటి బోల్టుని ఆ చోట గుచ్చి పెట్టండి. పొడవు బోల్టు పొట్టి చోట బిగిస్తే లోపల మర పాడవుతుంది. తుప్పుతో బిగుసుకున్న బోల్టుని పానాతో బలవంతం చేసి తల విరగ్గొట్టొద్దు, ముందు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి.

పాత గ్యాస్కెట్ అంటుకున్న ముక్కలు పూర్తిగా గీకేయాలి. ఈ పని మీద ఓపిక పెట్టండి, ఎందుకంటే కొత్త పంప్ వేసినా కారుతోందని వచ్చే బండ్లలో చాలావాటికి ఇక్కడే తేడా. బ్లాక్ పోత ఇనుము కాబట్టి బ్లేడుతో గీకొచ్చు, అల్యూమినియం అయితే గీతలు పడతాయి, చెక్క ముక్కతో గీకాలి. కొత్త గ్యాస్కెట్‌కి రెండు వైపులా సీలెంట్ పల్చగా, వేలితో రాసినంతే. దట్టంగా పూస్తే మిగిలింది లోపలికి పిండుకుపోయి ముక్కలై రేడియేటర్ సన్న గొట్టాల్లో చేరుతుంది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి.

కొత్త పంపా, పాతదానికి రిపేర్ కిట్టా అంటే, నా లెక్క ఇది. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, అప్పటి నుంచి మార్కెట్‌లో దొరికే పంప్‌ల నాణ్యత ఒక్కోటి ఒక్కోలా ఉంది. పాత పంప్ బాడీ లోపల గుంతలు పడకుండా బాగుంటే, లేత్ షాపులో ప్రెస్ మీద షాఫ్ట్, బేరింగ్, సీల్ మార్పించడమే నాకిష్టం. సుత్తితో కొట్టి బేరింగ్ దించేవాడి చేతికి మాత్రం ఇవ్వకండి. బాడీ తినేసి ఉంటే కొత్తదే కొనండి, కొనేటప్పుడు షాపులోనే షాఫ్ట్ తిప్పి, ఊపి, ఇంపెల్లర్ పాతదానంత లోతుగా ఉందో లేదో పక్కన పెట్టి పోల్చండి.

బెల్ట్ మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే అర అంగుళం లోపు, దాదాపు 10 మిల్లీమీటర్లు దిగాలి. కీచుమనకూడదని వీణ తీగలా లాగి బిగిస్తారు, ఆ లాగుడంతా పంప్ బేరింగ్ మీదే పడుతుంది. కొత్త పంప్ ఆరు నెలలకే పోయిందని తిట్టుకునేవాళ్ల బండ్లలో నేను ముందు బెల్ట్ నొక్కి చూస్తాను.

నీళ్లు నింపకుండా ‘ఒక్కసారి తిరుగుతుందో లేదో చూద్దాం’ అని స్టార్ట్ చేయొద్దు. సీల్ తడి మీదే బతుకుతుంది, పొడిగా తిరిగితే కొత్తదైనా కాలిపోతుంది. నింపేది బోరు నీళ్లు కాకుండా చూడండి. కూలెంట్ సగం, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ సగం. మనకు మంచు పడదు కదా కూలెంట్ దేనికి అని మీకు ఎవరైనా చెబితే, అది గడ్డ కట్టకుండా ఉండటానికే కాదు, తుప్పు పట్టకుండా, సున్నం పేరకుండా, ఇంకొంచెం ఎక్కువ వేడిదాకా మరగకుండా ఉండటానికి కూడా అని చెప్పండి. ఇత్తడి రేడియేటర్, పోత ఇనుము బ్లాక్‌లకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చదివి కొనండి, రంగు చూసి కొనొద్దు. రెండేళ్లకోసారి మార్చండి. వదిలిన పాత కూలెంట్‌ని వీధిలో పారబోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తులో ఉండేలా నిలపండి, మూత తీసి నెమ్మదిగా పోయండి, తర్వాత స్టార్ట్ చేసి థర్మోస్టాట్ తెరుచుకునే దాకా వదిలేయండి. బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి. బుడగలు ఆగాక మూత పెట్టండి. లోపల గాలి మిగిలితే కొత్త పంప్ వేసినా సూది పైకి పోతుంది, అప్పుడు అనవసరంగా టెన్షన్.

అన్నవరం సంగతి. పరీక్షలో ఫ్యాన్‌కి ఆట లేదు, కన్నం దగ్గర చెమ్మ మాత్రమే ఉంది అంటే, ఎండ ఎక్కకముందే బయల్దేరి, డబ్బాలో నీళ్లు పెట్టుకుని, అరగంటకోసారి సూది, చల్లారాక మట్టం చూసుకుంటూ వెళ్లి రావచ్చు. నేనైతే వెళ్లను, పంప్ మార్చాకే వెళ్తాను. దారిలో సూది ఎర్ర గీతకి వస్తే పక్కకి తీసి ఆపేయండి. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అన్న ఆ రెండు కిలోమీటర్లలోనే హెడ్ వంగుతుంది. కాగిన ఇంజన్ మీద, లోపల చల్లనీళ్లు పోయొద్దు, ఇనుము పగులుతుంది. గంట ఆగండి.

పంప్ వేశాక మొదటి రెండు మూడు రోజులు ఆ కన్నంలోంచి ఒకటి రెండు చుక్కలు రావచ్చు, సీల్ కుదురుకుంటోందని అర్థం, కంగారు పడకండి. వారం దాటినా అట్ట తడుస్తుంటే పంప్ విప్పి, బిల్లుతో సహా కొన్న షాపుకే పట్టుకెళ్లండి.